గ్రంథపాలకుల ప్రశ్నలు, జవాబులు: ర్యాకుల మధ్య పని, తెర మీద ప్రయోగాలు

గ్రంథాలయంలో రోజువారీ పని గురించీ, అక్కడికి కొత్తగా వచ్చి చేరుతున్న ఆన్‌లైన్ పరికరాల గురించీ పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా కుదించాను.

ప్రశ్న: మా అబ్బాయి గ్రంథాలయ శాస్త్రం చదువుతానంటున్నాడు. పుస్తకం మీద ముద్ర వేసి ఇచ్చి, గడువులోగా తిరిగి తీసుకోవడానికి అంత చదువు ఎందుకో నాకు అర్థం కావడం లేదు. ఇప్పుడు ఆ పని కూడా యంత్రాలే చేస్తున్నాయి కదా. ఆ ఉద్యోగంలో రోజంతా చేసేదేమిటి?
– ఒక తండ్రి

జవాబు: కౌంటరు దగ్గర జరిగే ఇచ్చిపుచ్చుకోవడం ఒక్కటే బయటివారి కంటపడుతుంది కనుక అదే ఉద్యోగమంతా అనుకోవడంలో వింత లేదు. నిజానికి తలుపులు తీయకముందే పని మొదలవుతుంది. రిటర్న్ పెట్టెలో పడిన పుస్తకాలను కంప్యూటర్లో జమ చేసి, వాటిలో ఎవరైనా రిజర్వు చేసుకున్నవి ఉంటే విడిగా తీసిపెట్టి, కుట్టు వదిలినవాటిని బైండింగుకు పక్కన ఉంచి, మిగిలినవాటిని ర్యాకుల్లో వాటి వాటి చోట సర్దాలి. వినడానికి తేలికగా ఉండే ఈ సర్దడంలోనే మొదటి చిక్కు ఎదురవుతుంది. పుస్తకాలకు విషయాన్ని బట్టి సంఖ్యలు ఇచ్చే డ్యూయీ దశాంశ వర్గీకరణలో, ఆ వర్గీకరణ గురించే రాసిన పుస్తకాలకు 025.431 అనే సంఖ్య, పాఠకులకు అందించే సేవల మీద రాసినవాటికి 025.5 అనే సంఖ్య ఉన్నాయి. కొత్తగా చేరిన సహాయకుడు 431 కన్నా 5 చిన్నది కదా అని 025.5ను ముందు పెడతాడు. అవి దశాంశాలు కనుక 025.431 ముందు, 025.5 తర్వాత రావాలి. ఇలా తప్పు చోట చేరిన పుస్తకం కేటలాగులో ‘అందుబాటులో ఉంది’ అనే చూపిస్తుంది, పాఠకుడికి మాత్రం ఎన్నిసార్లు వెతికినా దొరకదు. అందుకే ఏ గ్రంథాలయంలోనైనా రోజూ కొన్ని అరలను మొదటి పుస్తకం నుంచి చివరి పుస్తకం దాకా కాల్ నంబర్లు (అరలో పుస్తకం చోటు చెప్పే లేబుల్ సంఖ్యలు) చదువుకుంటూ సరిచూసే పని ఒకరికి అప్పగిస్తారు. విసుగు పుట్టించే పనే, కానీ దాన్ని మానేసిన చోట మిగతా సేవలన్నీ కొద్దికాలంలోనే కుంటుపడతాయి.

ఆ తర్వాత కొత్త పుస్తకాల వంతు. యాక్సెషన్ రిజిస్టరులో, అంటే వచ్చిన పుస్తకాల చిట్టాలో, ఎక్కించడం, బార్‌కోడ్ అంటించడం, వీపు మీద లేబుల్ వేయడం నేర్పితే ఎవరైనా చేస్తారు. వర్గీకరణ అలాంటిది కాదు. పొలంలో పనిచేసేవారి ఆరోగ్యం మీద ఎండల ప్రభావాన్ని చర్చించే పుస్తకం వచ్చిందనుకోండి. వ్యవసాయం 630లో ఉంది, వైద్యం 610లో ఉంది, శ్రామికుల ఆర్థిక స్థితిగతులు 331లో ఉన్నాయి. ఒక విషయం మరో విషయం మీద చూపే ప్రభావాన్ని చెప్పే పుస్తకాన్ని, ప్రభావానికి లోనైన విషయం దగ్గరే ఉంచాలన్నది డ్యూయీ పద్ధతిలోని నియమం. ఆ నియమం తెలిసి ఉండాలి, పుస్తకంలో అసలు బరువు దేని మీద పడిందో తిరగేసి పట్టుకోగలగాలి, మన దగ్గరికి వచ్చే పాఠకుడు ఆ పుస్తకం కోసం ఏ అర ముందు నిలబడతాడో ఊహించగలగాలి.

అన్నిటికన్నా కష్టమైనది మాత్రం మనిషి ముందు కూర్చుని చేసే రిఫరెన్స్ పని. పాఠకుడు అడిగిన మాటకూ అతనికి కావలసినదానికీ చాలాసార్లు దూరం ఉంటుంది. ‘రసాయన శాస్త్రం పుస్తకాలు ఎక్కడున్నాయి’ అని అడిగినవారిని అర దగ్గరకు పంపేసి ఊరుకోవచ్చు. దేనికోసమని నెమ్మదిగా అడిగితే, ఇంటి బావి నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో తెలుసుకోవాలన్నది అసలు సంగతని బయటపడుతుంది. అప్పుడు చూపవలసిన పుస్తకాలు వేరు, బహుశా పుస్తకం కన్నా ఒక పరీక్షా కేంద్రం వివరం ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆ ‘దేనికోసం’ అన్న ప్రశ్నను ఆరా తీసినట్టుగా కాక సాయం చేసేలా అడగడం ఎలాగో కూడా ఆ చదువులో ఒక పాఠమే. మీ అబ్బాయికి మనుషులతో మాట్లాడే ఓపిక ఉంటే నిశ్చింతగా చదవనివ్వండి. పుస్తకాలంటే ఇష్టం ఉండి మనుషులంటే చిరాకు ఉంటే మాత్రం మరోసారి ఆలోచించుకోమనండి.

ప్రశ్న: మాది చిన్న కళాశాల గ్రంథాలయం. పుస్తకాల జాబితా అంతా ఎక్సెల్ షీట్‌లో ఉంది. ఖర్చు లేకుండా ఆన్‌లైన్ కేటలాగు పెట్టాలని యాజమాన్యం అడుగుతోంది. కోహా సాఫ్ట్‌వేర్ బాగుంటుందని విన్నాను. షీట్‌ను అందులోకి ఎక్కించేస్తే సరిపోతుందా?
– ఒక కళాశాల గ్రంథపాలకురాలు

జవాబు: కోహా మంచి ఎంపికే. న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా గ్రంథాలయాల కోసం 1999లో తయారై, 2000 జనవరిలో వాడకంలోకి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుము లేదు. అయితే రుసుము లేనంత మాత్రాన ఖర్చు లేదని యాజమాన్యానికి చెప్పకండి. అది లినక్స్ సర్వర్ మీద నడుస్తుంది. దాన్ని అమర్చేవారు, ఎప్పటికప్పుడు తాజా చేసేవారు, రోజూ బ్యాకప్ తీసి మరో చోట దాచేవారు ఉండాలి. ఈ మూడు పనులకూ మనిషి పేరు రాసి చూపమని మొదటి సమావేశంలోనే అడగండి. పేరు దొరకకపోతే, ఎవరైనా నిర్వహించి ఇచ్చే హోస్టింగ్ సేవకు డబ్బు కట్టడమే నయం.

ఇక షీట్ సంగతి. అన్ని గ్రంథాలయాల్లోనూ ఇబ్బంది అక్కడే మొదలవుతుంది కనుక కాస్త వివరంగా రాస్తాను. ముందుగా ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య, ఉన్న నిలువు వరుసను చూడండి. పదమూడు అంకెల సంఖ్యను ఎక్సెల్ గణిత సంఖ్యగా భావించి 9.78ఈ+12 అని కుదించి చూపిస్తుంది. ఆ స్థితిలోనే ఫైలును సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు పాఠంగా) భద్రపరిస్తే చివరి అంకెలన్నీ సున్నాలైపోయి, వేర్వేరు పుస్తకాలకు ఒకే సంఖ్య పడుతుంది. పాత పది అంకెల ఐఎస్‌బీఎన్ సున్నాతో మొదలైతే ఆ సున్నా ఎగిరిపోతుంది. బార్‌కోడ్ సంఖ్యల ముందు సున్నాలకూ అదే గతి. అందుచేత ఆ వరుసలను మొదటే ‘టెక్స్ట్’ రూపంలోకి మార్చి, ఆ తర్వాతే అంకెలు నింపాలి. 2007 నుంచి అమలులో ఉన్న పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్‌లో తప్పు పట్టే ఏర్పాటు దానిలోనే ఉంది. అంకెలను వరుసగా ఒకదాన్ని 1తో, పక్కదాన్ని 3తో గుణించుకుంటూ పోయి అన్నిటినీ కూడితే వచ్చే మొత్తం 10తో నిశ్శేషంగా భాగింపబడాలి. ఈ లెక్కను ఎక్సెల్‌లోనే ఒక సూత్రంగా రాసుకుంటే టైపింగులో దొర్లిన తప్పులు చాలావరకు ఒక్కసారిగా బయటపడతాయి.

గ్రంథాలయ సాఫ్ట్‌వేర్లు వివరాలను మార్క్ అనే నమూనాలో దాచుకుంటాయి. 1960ల్లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ ఆధ్వర్యంలో రూపొందిన ఈ నమూనా వయసులో పెద్దదే అయినా ఇంకా పక్కకు తప్పుకోలేదు. అందులో ఒక్కో వివరానికి ఒక సంఖ్య గల క్షేత్రం ఉంటుంది. 020లో ఐఎస్‌బీఎన్, 082లో డ్యూయీ సంఖ్య, 100లో రచయిత, 245లో పుస్తకం పేరు, 650లో విషయం ఉంటాయి. మార్క్‌ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీ షీట్‌లోని వరుసలను ఈ సంఖ్యలతో జతపరిచి మార్క్ ఫైలుగా మారుస్తుంది. అక్కడ చాలామంది మరిచిపోయేది 952 క్షేత్రం. కోహాలో ఒక్కో ప్రతికి సంబంధించిన బార్‌కోడ్, కాల్ నంబరు, అది ఏ శాఖది, ఏ రకం పుస్తకం అన్న వివరాలు ఉండేది అందులోనే. అది లేకుండా ఎక్కిస్తే పుస్తకాల పేర్లన్నీ కేటలాగులో చక్కగా కనిపిస్తాయి, ఇష్యూ చేయడానికి మాత్రం ఒక్క ప్రతీ ఉండదు.

ఐఎస్‌బీఎన్ ఉన్న పుస్తకాలకు వివరాలన్నీ మీరే టైపు చేయనక్కరలేదు. జెడ్39.50 అనే పద్ధతి ద్వారా కోహా మరో పెద్ద గ్రంథాలయపు కేటలాగును అడిగి, తయారుగా ఉన్న రికార్డును తెచ్చి మీ తెర మీద పెడుతుంది. తెచ్చుకున్నదాన్ని అలాగే భద్రపరచకుండా, పుస్తకం చేతిలో పెట్టుకుని ముద్రణ సంవత్సరం, కూర్పు, పేజీల సంఖ్య సరిపోయాయో లేదో చూడండి. ఐఎస్‌బీఎన్ లేని పాత పుస్తకాలకు దగ్గరి దారి ఏదీ లేదు, చేత్తో ఎక్కించవలసిందే.

మొత్తం షీట్‌ను ఒకేసారి ఎక్కించవద్దు. తెలుగువి కొన్ని, ఇంగ్లిషువి కొన్ని, రెండు మూడు ప్రతులున్నవి కొన్ని, సంపుటాలుగా వచ్చినవి కొన్ని ఏరి చిన్న ఫైలు తయారు చేయండి. కోహాలో ఫైలు ముందు తాత్కాలికంగా ఒక చోట నిలుస్తుంది. సరిచూసుకున్నాక కేటలాగులోకి పంపవచ్చు, నచ్చకపోతే పంపినదాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఆ వెసులుబాటును పూర్తిగా వాడుకోండి. ఆ చిన్న ఫైలులోని పుస్తకాలను ఇష్యూ చేసి, తిరిగి జమ చేసి, రిజర్వు చేసి చూసిన తర్వాతే మిగతావాటి జోలికి వెళ్లండి.

ప్రశ్న: మా కేటలాగులో ఇంగ్లిషు పుస్తకాలు వెంటనే దొరుకుతున్నాయి. తెలుగు పుస్తకం పేరు టైపు చేస్తే మాత్రం, అది ఉన్నదని తెలిసినా, ఫలితాలు లేవని వస్తోంది. లోపం సాఫ్ట్‌వేర్‌దా, మాదా?
– ఒక గ్రంథాలయ సహాయకుడు

జవాబు: ఇద్దరిదీ కొంత కొంత ఉంటుంది. ముందుగా మీ రికార్డులు యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల అక్షరాలకూ వేర్వేరు సంకేతాలిచ్చే ప్రమాణంలో, ఉన్నాయో లేదో చూసుకోండి. ప్రచురణాలయాల్లో వాడే పాత ఫాంట్లతో టైపు చేసిన జాబితాలు చూడటానికి తెలుగులాగే ఉంటాయి. కంప్యూటర్ దృష్టిలో మాత్రం అవి ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన వరుస. వాటిని మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో యూనికోడ్‌లోకి తేవాలి. తెచ్చిన తర్వాత వత్తులు, ముఖ్యంగా రావత్తు, సరైన చోట పడ్డాయో లేదో కంటితో చూడాలి.

యూనికోడ్‌లోనే ఉన్నా దొరకకపోవడానికి మరో కారణం కంటికి కనిపించని ఒక గుర్తు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో పొల్లు టకారం, వేకారం కలిసిపోకుండా విడిగా నిలబడటానికి మధ్యలో ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే గుర్తు పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు. మాట మధ్యలో అయితే అక్షరాలు కలిశాయా విడిపోయాయా అన్నది కనీసం కంటికి తెలుస్తుంది. పొల్లుతో ముగిసే మాట చివర ఆ గుర్తు ఉందో లేదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. కేటలాగు చేసినవారి కీబోర్డు దాన్ని పెట్టి, వెతికేవారి కీబోర్డు పెట్టకపోతే, అక్షరాలను ఉన్నవి ఉన్నట్టుగా పోల్చే సాఫ్ట్‌వేర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. ఐత్వం కూడా ఇలాంటిదే. దాన్ని ఒకే సంకేతంగానూ దాచవచ్చు, ఎత్వానికి కింద మరో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ దాచవచ్చు, తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. రికార్డులు ఎక్కించే ముందు యూనికోడ్ సాధారణీకరణ (ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు సంకేత రూపాలను ఒకటిగా మార్చడం) చేయించి, వెతుకులాటలో ఆ అదృశ్య గుర్తును లెక్కలోకి తీసుకోకుండా అమర్చమని మీ సాంకేతిక సిబ్బందిని అడగండి. కోహా వాడుతూ ఉంటే, అందులో వెతుకులాటకు పనిచేసే జీబ్రా సూచిక ఐసీయూ అనే యూనికోడ్ అమరికలో ఉందో లేదో కూడా అడగండి. భారతీయ లిపులకు అది అవసరం.

సాఫ్ట్‌వేర్ చేయలేని భాగం తర్వాత వస్తుంది. పాత పుస్తకం ముఖపత్రం మీద ‘గుఱ్ఱము’ అని ఉంటే ఇవాళ్టి పాఠకుడు ‘గుర్రం’ అని వెతుకుతాడు. అరసున్నలు, బండి ర, మువర్ణకం, కాలేజి కాలేజీ కాలేజ్ అనే మూడు రూపాలు, ఇవన్నీ మన తెలుగు కేటలాగుకు ప్రత్యేకమైన తంటాలు. ముఖపత్రం మీద ఉన్న రూపాన్ని మార్చడానికి వీల్లేదు, దాన్ని 245లో యథాతథంగా ఉంచాలి. వాడుకలో ఉన్న రూపాన్ని 246 అనే క్షేత్రంలో మరో పేరుగా చేర్చవచ్చు, అప్పుడు ఏది టైపు చేసినా అదే పుస్తకం దొరుకుతుంది. రోమన్ లిపిలో ఎక్కించిన పాత రికార్డులుంటే వాటిని చెరపకుండా, 880 క్షేత్రంలో తెలుగు లిపి రూపాన్ని జతచేయవచ్చు.

రచయితల పేర్ల సంగతి ఇంకా పెద్దది. ఇంటిపేరు పూర్తిగా రాసిన పుస్తకం ఒకటి, పొడి అక్షరాలతో రాసింది ఒకటి, కలం పేరుతో వచ్చింది మరొకటి ఉంటే, ఒకే రచయిత మీ కేటలాగులో ముగ్గురు మనుషులైపోతారు. ప్రతి రచయితకూ ఒక ప్రామాణిక రూపం నిర్ణయించి, మిగిలిన రూపాలన్నీ దానికే దారి చూపేలా అథారిటీ రికార్డు తయారు చేయాలి. దీన్ని ఎవరూ మెచ్చుకోరు, చేసినట్టు ఎవరికీ తెలియదు కూడా. నన్నడిగితే, తెలుగు గ్రంథాలయాలు ఆన్‌లైన్‌లో పెట్టే ఏ కొత్త హంగు కన్నా ఈ పనికే ముందు మనిషిని కేటాయించాలి.

ప్రశ్న: మా పరిశోధక విద్యార్థులు చాట్‌బాట్ ఇచ్చిన ఆధార గ్రంథాల జాబితాలు పట్టుకొచ్చి, ఈ వ్యాసాలు తెప్పించి పెట్టమంటున్నారు. వాటిలో కొన్ని ఎంత వెతికినా దొరకడం లేదు. లేవని చెబితే మా వెతుకులాటనే అనుమానిస్తున్నారు. మేము ఈ పరికరాలను వాడవచ్చా, దూరంగా ఉంచాలా?
– ఒక విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు

జవాబు: మీ వెతుకులాటలో లోపం లేదు. చాట్‌బాట్‌ల వెనుక ఉండే భాషా నమూనాలు ఏ మాట తర్వాత ఏ మాట రావడం సహజమో దాన్ని బట్టి వాక్యాన్ని అల్లుతాయి. ఆధార గ్రంథం అనేది ఒక అచ్చులో పోసినట్టుండే వాక్యం కనుక దాన్ని నమ్మదగినట్టుగా అల్లడం వాటికి మరీ సులువు. ఈమధ్య ఒక విద్యార్థిని తెచ్చిన జాబితాలో ఒక వ్యాసాన్ని ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని సరిచూశాను. రచయిత నిజంగా ఆ రంగంలో ఉన్నవారే. పత్రిక నిజమైనదే. ఆ సంవత్సరానికి ఆ సంపుటి సంఖ్య కూడా సరిపోయింది. సంపుటి తెరిచి చూస్తే ఆ పేజీల్లో ఉన్నది వేరొకరు వేరే విషయం మీద రాసిన వ్యాసం. విడివిడిగా అన్నీ నిజాలే, కలిపి చూస్తే అలాంటి వ్యాసం లేదు. నేను లేదని చెప్పినప్పుడు నమ్మని ఆ అమ్మాయి, విషయసూచిక తన కళ్లతో చూశాక మిగతావాటిని తానే సరిచూసుకుంటానంది.

కాబట్టి ‘లేదు’ అని చెప్పకండి, ఎలా చూడాలో చూపించండి. జాబితాలో డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే దాన్ని డీఓఐ వెబ్‌సైటులో వేయమనండి. కల్పిత సంఖ్య అయితే అసలు తెరుచుకోదు, లేదా సంబంధం లేని వ్యాసం దగ్గరికి తీసుకుపోతుంది. డీఓఐ లేకపోతే వ్యాసం పేరును డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్‌లో వెతకాలి, ఆ తర్వాత పత్రిక సొంత సైటులో ఆ సంచిక విషయసూచిక చూడాలి. పుస్తకమైతే ఎన్నో గ్రంథాలయాల కేటలాగులను కలిపిన వరల్డ్‌క్యాట్ ఉంది. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. ప్రాంతీయ భాషల పుస్తకాలూ పాత పత్రికలూ ఈ జాబితాల్లో చాలా తక్కువగా ఉంటాయి కనుక, అక్కడ కనిపించలేదన్న ఒక్క కారణంతో తెలుగు గ్రంథాన్ని కల్పితమని కొట్టిపారేయకూడదు.

ఇక వాడవచ్చా అన్న ప్రశ్నకు, కొన్ని పనులకు తప్పకుండా వాడవచ్చన్నది నా అభిప్రాయం. పాఠకుడి మాటకూ డేటాబేసు మాటకూ మధ్య ఉన్న అగాధాన్ని దాటడానికి ఇవి బాగా పనికొస్తాయి. గుండెపోటు మీద వ్యాసాలు కావాలని వచ్చినవారు వైద్య డేటాబేసులో ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ అని వెతకాలి. ఒక విషయానికి ఎన్ని పర్యాయపదాలున్నాయో, ఏ పారిభాషిక పదాలతో వెతకవచ్చో అడిగితే చాట్‌బాట్ మంచి జాబితా ఇస్తుంది. అందులో ఒకటి తప్పయినా నష్టం లేదు, దానితో వెతికితే ఫలితాలు రావు, అంతే. తప్పు వెంటనే తెలిసిపోయే చోట వీటిని ధైర్యంగా వాడవచ్చు. తప్పు దాక్కునే చోట మాత్రం వీటి మాట సరిచూడకుండా తీసుకోకూడదు. డ్యూయీ సంఖ్యలు రెండో కోవలోకి వస్తాయి. మొదటి మూడు అంకెలు తరచుగా సరిగానే చెబుతాయి గానీ, దశాంశ బిందువు తర్వాతి అంకెలను పట్టికలు చూడకుండా నమ్మితే పుస్తకం తప్పు అరలో స్థిరపడిపోతుంది.

పాఠకుల పేర్లు, ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్న వివరాలు, విద్యార్థుల ఇంకా అచ్చుకాని రచనలు, వీటిలో ఏదీ చాట్‌బాట్‌లో అతికించకండి. ఇందులో మినహాయింపు లేదు.

ప్రశ్న: కొత్త పుస్తకాల సమాచారం కోసం పాఠకులందరితో వాట్సాప్ గ్రూపు పెట్టాం. అందులోనే రిజర్వేషన్లు, గడువు దాటినవారికి గుర్తుచేయడం కూడా చేస్తున్నాం. బాగానే నడుస్తోంది కానీ కొందరు తప్పుకుంటున్నారు. ఎందుకంటారు?

జవాబు: నలుగురిలో తన పేరు పిలిచి ఫలానా పుస్తకం ఇంకా ఇవ్వలేదనిపించుకోవడం ఎవరికి ఇష్టం చెప్పండి. గ్రూపులో ప్రతి ఒక్కరి ఫోన్ నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుందన్నది ఒక ఇబ్బంది. అంతకన్నా పెద్దది, ఎవరు ఏమి చదువుతున్నారో బయటపడటం. విడాకుల చట్టం మీదో, ఒక జబ్బు మీదో పుస్తకం రిజర్వు చేసుకునే మనిషి దాన్ని గ్రూపులో అడగలేడు, అడగలేక గ్రంథాలయానికి రావడమే మానుకుంటాడు. పాఠకుడి చదువు వివరాలను గోప్యంగా ఉంచడం అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య 2012లో ఆమోదించిన వృత్తి నియమావళిలో కూడా ఉంది.

కొత్త పుస్తకాల ప్రకటనకు గ్రూపు బదులు చానెల్ గానీ బ్రాడ్‌కాస్ట్ జాబితా గానీ పెట్టండి, అప్పుడు ఒకరి నంబరు మరొకరికి తెలియదు. రిజర్వేషన్లకు ఒక ఆన్‌లైన్ ఫారం చాలు. దానిలో పేరు, సభ్యత్వ సంఖ్య, కావలసిన పుస్తకం తప్ప మరేమీ అడగకండి. పుస్తకం ఇచ్చేశాక ఆ వరుసను తొలగించే అలవాటు చేసుకోండి. గడువు సందేశాలు గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ నుంచే ఒక్కొక్కరికి విడిగా వెళ్లేలా అమర్చవచ్చు.

ప్రశ్న: ఇష్యూల సంఖ్య ఏటా తగ్గుతోందని, గ్రంథాలయానికి ఇచ్చే గది తగ్గిస్తామని అంటున్నారు. వచ్చేవారు మాత్రం తగ్గలేదు. దీన్ని ఎలా నిరూపించాలి?

జవాబు: ఇష్యూ లెక్క ఇంటికి తీసుకెళ్లినవాటినే చెబుతుంది. లోపలే కూర్చుని చదివినవి అందులో చేరవు. చదివిన పుస్తకాలను తిరిగి అరలో పెట్టవద్దని, బల్ల మీదే వదిలేయమని పాఠకులను కోరండి. రోజుకు రెండుసార్లు వాటిని పోగుచేసి, సర్దే ముందు బార్‌కోడ్ చదివించండి. కోహాలో దీనికోసం గణాంకాలకు మాత్రమే పనికొచ్చే సభ్యుడి ఖాతా ఒకటి తెరవవచ్చు, దాని మీద ఇష్యూ చేస్తే పుస్తకం ఎవరి పేరునా నిలవకుండా ‘లోపల చదివినది’గా నమోదవుతుంది. ఏ విషయం పుస్తకాలు ఎక్కువగా బల్లల మీదికి వస్తున్నాయో కూడా దానితో తెలుస్తుంది.

ఆన్‌లైన్ పత్రికలు ఉంటే ప్రచురణకర్తల నుంచి, ఆన్‌లైన్ వాడకాన్ని లెక్కించే ‘కౌంటర్’ అనే ప్రమాణం ప్రకారం ఉన్న నివేదికలు తెప్పించండి. వాటిలో సారాంశం చూసి వదిలేసిన లెక్క వేరు, పూర్తి పాఠం తెరిచిన లెక్క వేరు. రెండోదాన్నే మీ నివేదికలో పెట్టండి. చందా లేక వెనుదిరిగినవారి లెక్క కూడా ఆ నివేదికల్లో దొరుకుతుంది. వచ్చే ఏడాది ఏ పత్రికకు డబ్బు కావాలో అడగడానికి అంతకన్నా గట్టి ఆధారం ఉండదు.

ప్రశ్న: మా గ్రంథాలయ వెబ్ పేజీలో ఉపయోగకరమైన సైట్ల జాబితా ఉంది. సగం లంకెలు పనిచేయడం లేదని ఫిర్యాదులు. లంకెలు తనిఖీ చేసే ఉచిత పరికరం మాత్రం అంతా బాగుందంటోంది.

జవాబు: ఆ పరికరం పేజీ తెరుచుకుందా లేదా అన్నదే చూస్తుంది, అందులో ఏముందో చూడదు. సైటు యజమాని మారి అక్కడ ప్రకటనలు వెలిసినా, ‘మీరు అడిగిన పేజీ లేదు’ అన్న సందేశంతో మామూలు పేజీ వచ్చినా దాని లెక్కలో లంకె క్షేమమే. కనుక ఆరు నెలలకోసారైనా మనిషి తెరిచి చూడాలి. అలా చూడగలిగినన్ని లంకెలే జాబితాలో ఉంచండి. కొత్తది చేర్చిన రోజే దాన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరిస్తే, అసలు పేజీ పోయినా ఆ ప్రతికి లంకె ఇవ్వవచ్చు. పీడీఎఫ్ ఫైళ్లకు ఇది మరీ అవసరం, సైటు రూపు మార్చినప్పుడల్లా ముందుగా మాయమయ్యేవి అవే.

ప్రశ్న: బార్‌కోడ్లు తీసేసి అన్ని పుస్తకాలకూ ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు (రేడియో తరంగాలతో చదివే చిప్పులు) వేయించుకోమని ఒక కంపెనీ ప్రతినిధి వెంటపడుతున్నారు. అవసరమా?

జవాబు: కౌంటరు దగ్గర వరుసలు కట్టే రద్దీ ఉండి, పాఠకులే స్వయంగా ఇష్యూ చేసుకునే యంత్రం పెట్టాలనుకుంటే అవసరం. గంటకు కొన్ని పుస్తకాలు మాత్రమే చేతులు మారే చోట బార్‌కోడ్ స్కానర్ సరిపోతుంది. తీసుకోవాలనే నిర్ణయిస్తే, ట్యాగులో సమాచారాన్ని ఐఎస్ఓ 28560 ప్రమాణం ప్రకారమే రాస్తామని ఒప్పందంలో రాయించుకోండి. సొంత పద్ధతిలో రాసే కంపెనీకి ఒకసారి చిక్కితే, రేపు మరొకరి యంత్రం కొన్నప్పుడు పుస్తకాలన్నిటికీ మళ్లీ ట్యాగులు రాయించుకోవలసి వస్తుంది. లోహపు పూత ఉన్న అట్టల మీద ఈ ట్యాగులు సరిగా పలకవు కనుక, ప్రదర్శనకు ప్రతినిధి తెచ్చిన పుస్తకాల మీద కాకుండా మీ ర్యాకులోని మెరుపు అట్టల పుస్తకాల మీదే పరీక్షించి చూపమనండి. పాత బార్‌కోడ్లను మాత్రం పీకించకండి, యంత్రం మొరాయించిన రోజున ఇష్యూలు ఆగకుండా ఉండేది వాటితోనే.